అల్యూమినియం పోతలో కుదింపు గుల్లలను అరికట్టడం ఎలా?

కరిగిన అల్యూమినియం గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం 6 శాతానికి పైగా తగ్గుతుంది. సిలికాన్ ఎక్కువగా కలిసిన మిశ్రలోహాల్లో ఆ తగ్గుదల కొంత తక్కువ. తగ్గిన మేరకు ద్రవలోహం వచ్చి నిండకపోతే పోత లోపల గుల్ల గానీ పైన సొట్ట గానీ మిగులుతుంది. చెన్నై అంబత్తూరు వంటి పారిశ్రామికవాడల్లోని ఫౌండ్రీలలో కొత్తగా చేరిన మనవారు ఈ క్రమాన్ని పాటించవచ్చు.

మొదట, లోపం కుదింపుదేనా అన్నది తేల్చుకోవాలి. అనుమానమున్న చోట పోతను కోసి, కోసిన ముఖాన్ని నునుపు చేసి భూతద్దంతో చూడండి. గుంతలు గుండ్రంగా, నున్నగా ఉంటే అవి చాలావరకు హైడ్రోజన్ వల్ల వచ్చినవి; అంచులు చిరిగినట్లు గరుకుగా, కొమ్మలు చాచినట్లు ఉంటే కుదింపు వల్ల వచ్చినవి. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే కనుక, డీగ్యాసింగ్ (కరిగిన లోహంలోని హైడ్రోజన్‌ను తొలగించడం) సరిగా చేయకుండా రైజర్‌ను, అంటే గడ్డకట్టే పోతకు ద్రవలోహం అందించే అదనపు నిల్వను, పెంచుకుంటూ పోతే లోహం ఖర్చే మిగులుతుంది.

తరువాత, అన్నిటికంటే ఆలస్యంగా గడ్డకట్టే చోటును గుర్తించాలి. ఘనపరిమాణాన్ని చల్లబడే ఉపరితల వైశాల్యంతో భాగిస్తే వచ్చే విలువను మాడ్యులస్ అంటారు. గడ్డకట్టడానికి పట్టే కాలం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుందని చ్వోరినోవ్ సూత్రం చెబుతుంది. ప్రతి పక్కా 60 మి.మీ. ఉన్న దిమ్మె మాడ్యులస్ 10 మి.మీ. కాగా, దాన్ని అంటిపెట్టుకున్న 10 మి.మీ. మందపు గోడకు అది 5 మి.మీ. మాత్రమే. అంటే దిమ్మెకు పట్టే కాలంలో నాలుగో వంతులోనే గోడ బిగుసుకుపోతుంది. ఆ దారిన దిమ్మెకు లోహం అందుతుందని ఆశించడం దండగ.

కాబట్టి దిమ్మె మీదనే రైజర్ పెట్టాలి. దాని మాడ్యులస్ దిమ్మెకు కనీసం 1.2 రెట్లు, అంటే ఇక్కడ 12 మి.మీ. ఉండాలి; ఎత్తూ వ్యాసమూ సమానమైన రైజర్‌కు 72 మి.మీ. వ్యాసం సరిపోతుంది. రైజర్‌ను దిమ్మెతో కలిపే సన్నని మెడ దిమ్మె కంటే ముందు గడ్డకట్టకూడదు. విరగ్గొట్టిన రైజర్ పైభాగం కుంగకుండా చదునుగా ఉంటే, అది పోతకు లోహం అందించలేదని అనుమానించాలి.

రైజర్‌కు వీలులేని చోట అచ్చులో పోత ఇనుప చిల్ (వేడిని త్వరగా లాగేసే లోహపు ముక్క) అమర్చి ఆ భాగాన్ని త్వరగా చల్లార్చవచ్చు. అయితే చిల్ మీద చెమ్మ చేరితే కొత్త గుల్లలు పుడతాయి; అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు పడే చెన్నైలో చిల్‌లను వేడిచేసి, పూర్తిగా ఆరాకే వాడాలి.

లోహాన్ని పోసే ఉష్ణోగ్రత అచ్చు పూర్తిగా నిండటానికి సరిపోయేంతే ఉండాలి, అంతకు మించకూడదు. ఒక్కో విడతకు ఒక్క మార్పే చేసి, ప్రతిసారీ అదే చోట కోసి చూడాలి.