పెరటి మురుగు గొట్టం మార్చిన అనుభవం

చెన్నై పెరంబూరులోని మా ఇంటి పెరట్లో, పిల్లలు ఆడుకునే చోటే వంటగది మురుగు పొంగుతుంటే మనసుకు కష్టంగా ఉండి, మేస్త్రీ చేత తవ్వించి చూశాను. పాత మట్టి గొట్టం అతుకుల్లోకి వేపచెట్టు వేళ్లు చొరబడి, అది రెండు చోట్ల పగిలింది. పైన సిమెంటు పూస్తే చాలునని మేస్త్రీ అన్నా, ఆ పూత వేళ్లను ఎంతోకాలం ఆపదు కనుక నేను ఒప్పుకోలేదు.

110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం తెప్పించాము. అన్నిటికన్నా ముఖ్యమైనది వాలు: మీటరుకు 25 మిల్లీమీటర్ల చొప్పున దిగేలా దారం కట్టి, రాళ్లు ఏరేసిన కందకంలో ఇసుక పరచి, గొట్టం పొడవునా ఆ ఇసుకపైనే ఆనేలా అమర్చాము, కింద ఒక్క రాయి మిగిలినా బరువంతా అక్కడే పడుతుంది. అతుకులకు సాల్వెంట్ సిమెంటు (పీవీసీని అతికించే జిగురు) పూసి, అది ఆరాక నీళ్లు నింపి, ఎక్కడా కారడం లేదని చూసుకున్న తరువాతే మట్టి పూడ్చాము. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా పని ముగిసింది.