పోర్ట్ 25 బయటికి తెరిచే ముందు

సర్వర్ల మధ్య మెయిల్ వచ్చిపోయే ద్వారం పోర్ట్ 25. కొత్త మెయిల్ సర్వర్ పెట్టినా, పాతదాన్ని వేరే మెషీన్‌కి మార్చినా మనం చూసేది ఒక్కటే: మెయిల్ వెళ్తోందా, వస్తోందా అని. ముక్కూ మొహం తెలియని వాళ్ల మెయిల్‌ని కూడా మన సర్వర్ మోసుకెళ్లి ఇంకెవరికో అందిస్తోందా అన్నది చూడం. అదే ఓపెన్ రిలే. మన మెయిల్ మామూలుగానే నడుస్తుంది, ఏ ఎర్రరూ రాదు. తెలిసేసరికి మన ఐపీ (సర్వర్ ఇంటర్నెట్ అడ్రస్) స్పామ్ పంపేవాళ్ల జాబితా పెట్టే స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టులకి ఎక్కి, కస్టమర్లకి పంపిన ఇన్‌వాయిస్‌లు తిరిగొస్తుంటాయి.

1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచే రిలే డిఫాల్ట్‌గా మూసి ఉంటోంది. అలాంటిదే ఇంకోటైన పోస్ట్‌ఫిక్స్‌లోనూ అంతే. కాబట్టి ఇప్పుడు ఎక్కడైనా తెరుచుకుందంటే చాలావరకు మన చేతులతో తెరిచిందే. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్‌లో 'మైనెట్‌వర్క్స్' అనే ఒక్క లైన్ దగ్గర జరిగినవి.

ఆ లైన్‌లో ఉన్న అడ్రస్ నుంచి ఎవరొచ్చినా పోస్ట్‌ఫిక్స్ పాస్‌వర్డ్ అడగదు, ఇంట్లోవాళ్లే అనుకుంటుంది. ప్రింటర్ నుంచి స్కాన్ మెయిల్ రావట్లేదని పైనుంచి ఫోన్ వస్తే, ఆ టెన్షన్‌లో 0.0.0.0/0 (అంటే ప్రపంచంలోని అన్ని అడ్రస్‌లూ) అని రాసేస్తారు, సాయంత్రం తీసేద్దాంలే అని. ఆ సాయంత్రం రాదు. ప్రింటర్ ఒక్కదాని ఐపీని /32తో (ఆ ఒక్క అడ్రస్సే అని అర్థం) రాయండి, చాలు. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన సర్వర్ అయితే, ఈ లైన్ అసలు రాయకపోయినా సబ్‌నెట్ (పక్కపక్క అడ్రస్‌ల గుంపు) మొత్తాన్నీ నమ్ముతూ ఉండొచ్చు. అద్దె సర్వర్ మీద ఆ సబ్‌నెట్‌లో పక్క కస్టమర్ల మెషీన్లు కూడా ఉంటాయి.

ప్రోగ్రామ్‌లని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌తో ఇంకా జాగ్రత్త. మెయిల్‌ని కంటైనర్‌లోకి మార్చిన ఒక చోట నేను లాగ్ తెరిచి చూస్తే, ప్రపంచంలో ఏ మూల నుంచి వచ్చిన కనెక్షన్ అయినా 172.17.0.1 అనే కనిపిస్తోంది. అది డాకర్ సొంత గేట్‌వే. మైనెట్‌వర్క్స్‌లో 172.16.0.0/12 ఉంది, ఆ గేట్‌వే అడ్రస్ కూడా అందులోకే వస్తుంది. ఇక చెప్పేదేముంది, క్యూ (పంపాల్సిన మెయిళ్ల వరుస) నిండా మాకు సంబంధం లేని మెయిళ్లే. కనెక్షన్లని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక పెట్టినా, రూటర్ సోర్స్ అడ్రస్ మార్చేస్తున్నా ఇదే కథ. లాగ్‌లో అసలు క్లయింట్ ఐపీ కనపడేదాకా పోర్ట్ తెరవకండి.

పరీక్ష తప్పకుండా బయటి నుంచే చేయాలి. ఆఫీసులో కూర్చుని చేస్తే మనం ఎలాగూ లోపలివాళ్లమే. ఇంటి ఇంటర్నెట్‌లో 25 బ్లాక్ అయి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి వేరే చోట ఉన్న సర్వర్ నుంచి టెల్‌నెట్ (కమాండ్లు టైప్ చేసి సర్వర్‌తో మాట్లాడే టూల్) చేయండి. 'మెయిల్ ఫ్రమ్'లో (పంపేవారు) మీది కాని డొమైన్, 'ఆర్‌సీపీటీ టూ'లో (అందుకునేవారు) మీది కాని ఇంకో డొమైన్ ఇవ్వండి. '554 5.7.1' అని మొదలై 'రిలే యాక్సెస్ డినైడ్' అని రావాలి. '454' వచ్చినా అడ్డుకుంటున్నట్టే. 'ఆర్‌సీపీటీ టూ'కి జవాబుగా '250 ఓకే' వస్తే అప్పటికప్పుడు పోర్ట్ మూసేయండి. తర్వాత 'ఫ్రమ్'లో మీ డొమైనే పెట్టి ఇంకోసారి చూడండి. పంపినవారి అడ్రస్ చూసి అనుమతించే రూల్ ఎవరైనా రాసి ఉంటే ఇక్కడే దొరుకుతుంది. ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) ఉంటే దాని మీద కూడా ఇదే పరీక్ష చేయండి.

సిబ్బంది మెయిల్ పంపడానికి పోర్ట్ 587 ఇవ్వండి, లాగిన్ తప్పనిసరి చేయండి. పాస్‌వర్డ్ ఒక్కటి దొరికినా స్పామర్‌కి రిలే దొరికినట్టే, అందుకే ఒక్కో ఖాతా గంటకి ఎన్ని పంపొచ్చో పరిమితి పెట్టండి.

ఇప్పటికే క్యూ నిండిపోయి ఉంటే కంగారులో అన్నీ డిలీట్ చేయకండి. పోస్ట్‌ఫిక్స్‌లోని 'పోస్ట్‌సూపర్' కమాండ్‌తో ముందు మొత్తం హోల్డ్‌లో పెట్టి, మీ సొంత మెయిళ్లు వేరు చేశాక మిగతావి తీసేయండి.