గల్ఫ్‌లో చిన్న వ్యాపారం పెట్టాక లెక్కల సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

మా ఉద్దానం వైపు ఏ వీధిలోకి వెళ్లినా గల్ఫ్‌లో వెల్డరో ఫిట్టరో ఉన్న ఇల్లు ఒకటి తగులుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, పలాస... అన్నిచోట్లా అంతే. ఏళ్ల తరబడి జీతానికి పనిచేసి, చివరికి అక్కడే సొంతంగా ఓ చిన్న షాపు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మా తమ్ముడు అలాగే షార్జాలో గేట్లు, రెయిలింగులు చేసే వర్క్‌షాపు పెట్టాడు. నేను కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల లెక్కలు చూస్తుంటాను కాబట్టి మొదటి ఫోను నాకే వచ్చింది. "అన్నియ్యా, నువ్వు వాడే సాఫ్ట్‌వేరే నాకూ వేసెయ్. నువ్వైతే అక్కడినుంచే చూసుకుంటావు."

వేసేశాను. ఇక్కడి కంపెనీ ఫైలునే కాపీ చేసి, పేరు మార్చి పంపాను. నెల తిరిగేసరికి ఒక పెద్ద కాంట్రాక్టరు ఆఫీసు నుంచి బిల్లు వెనక్కి వచ్చింది. దాని మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ గళ్లు అలాగే ఉన్నాయి. 'ట్యాక్స్ ఇన్వాయిస్' అన్న మాట లేదు, తమ్ముడి ట్యాక్స్ నంబరు లేదు. మొత్తాన్ని అక్షరాల్లో రాసినచోట 'లక్ష ఇరవై వేలు' అని మన లెక్కలో పడింది. డబ్బు నెలన్నర ఆగిపోయింది. ఆ నెల ఇద్దరు పనివాళ్ల జీతాలకు తమ్ముడు అప్పు చేశాడు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. అక్కడ ఏం కావాలో కనుక్కోకుండా నాకు చేయి తిరిగినదాన్ని అక్కడ పెట్టేశాను. మీరలా చేయకూడదనే ఈ వ్యాసం. ఎక్కువగా యూఏఈ సంగతే చెబుతున్నాను. వేరే దేశమైనా పద్ధతి ఇదే.

మొదటి పని: సాఫ్ట్‌వేర్ పేర్లు పక్కన పెట్టి, అక్కడి బిల్లు చూడండి

ఆ దేశంలో మీలాంటి షాపు ఇచ్చిన బిల్లు ఒకటి, పన్ను శాఖకు వేసే రిటర్న్ ఫారం ఒకటి సంపాదించి ముందు పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ చివరికి మీకు చేసిపెట్టాల్సినవి ఈ రెండే. తక్కినవన్నీ సౌకర్యాలు.

యూఏఈలో వ్యాట్ 2018 జనవరి 1న మొదలైంది. రేటు 5 శాతం. ఏడాది అమ్మకాలు 3,75,000 దిర్హాంలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1,87,500 దాటితే ఇష్టపడి చేయించుకోవచ్చు. రిజిస్టరయ్యాక 15 అంకెల నంబరు ఇస్తారు. టీఆర్ఎన్ అంటారు. ప్రతి ట్యాక్స్ ఇన్వాయిస్ మీదా అది ఉండాలి. రిటర్న్‌ను, పన్ను కాలం ముగిశాక 28 రోజుల్లోపు వేయాలి.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. కార్పొరేట్ ట్యాక్స్‌లోనూ ఇదే 3,75,000 అంకె వస్తుంది. కానీ అది అమ్మకాల మీద కాదు, పన్ను లెక్కకు వచ్చే లాభం మీద. అంతవరకు సున్నా శాతం, ఆపైన 9 శాతం. 2023 జూన్ నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఈ పన్ను వర్తిస్తోంది. అంటే వ్యాట్ బిల్లు తీసిస్తే చాలదు, సరైన లాభనష్టాల పట్టిక కూడా ఆ సాఫ్ట్‌వేర్ నుంచే రావాలి. అందుకే ఉత్త బిల్లింగ్ యాప్‌తో సరిపెట్టుకోవద్దంటాను.

రిటర్న్‌లో అమ్మకాలను ఎమిరేట్ వారీగా, అంటే షార్జా, దుబాయ్ లాంటి ఒక్కో ప్రాంతం వారీగా చూపాలి. దుబాయ్ కస్టమరుకు గేటు బిగిస్తే దాన్ని దుబాయ్ కింద వేయాలని మేమూ అనుకున్నాం. మామూలుగా అయితే మన వర్క్‌షాపు ఉన్న ఎమిరేటే అక్కడ రావాలి. మాకు అది షార్జా. ఎంచుకునే ప్యాకేజీలో ఈ గడి ఉందో లేదో, దాన్ని మనం సరిచేయగలమో లేదో చూడండి.

వేరే దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒమన్‌లోనూ 5 శాతమే, బహ్రెయిన్‌లో 10, సౌదీలో 15. సౌదీలో ఇన్వాయిస్ అరబిక్‌లో ఉండి తీరాలి. ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ అక్కడ 2021 డిసెంబరు నుంచే తప్పనిసరి. బ్రిటన్‌లో వ్యాట్ రిజిస్టరైనవాళ్లు రిటర్న్‌ను సాఫ్ట్‌వేర్ ద్వారానే పంపాలి. ఒమన్, కువైట్, బహ్రెయిన్ కరెన్సీల్లో చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. ఒక ఒమన్ రియాలంటే 1,000 బైసాలు. రెండంకెల దగ్గరే ఆగిపోయే ప్యాకేజీ అక్కడ ప్రతి బిల్లులోనూ పైసల తేడా చూపిస్తుంది, నెలాఖరుకు ఆ తేడా ఎక్కడిదో వెతకలేక ప్రాణం విసుగెత్తుతుంది.

రెండో పని: రాత్రిపూట ఎంట్రీలు వేసేది ఎవరో తేల్చుకోండి

అకౌంటెంటుకు నచ్చిన సాఫ్ట్‌వేర్ వేరు, రోజూ ముట్టుకునే మనిషికి అలవడే సాఫ్ట్‌వేర్ వేరు. తమ్ముడికి వర్క్‌షాపు నుంచి వచ్చేసరికే రాత్రి తొమ్మిదవుతుంది. ఎంట్రీలు వేసేది మా మరదలు. ఇంటర్ చదివింది, ఫోనులో ఏదైనా చకచకా చేస్తుంది, కంప్యూటరంటే మాత్రం భయం. నేను పెట్టినదాంట్లో అన్నీ కీబోర్డు షార్ట్‌కట్లు. పాపం రెండు వారాలు కుస్తీపట్టి, "బావగారూ, ఇదేటో నాకు తెలీట్లేదు" అని బిల్లులన్నీ ప్లాస్టిక్ సంచిలో పడేసి ఊరుకుంది. అందులో సగం పెట్రోలు, హార్డ్‌వేర్ షాపుల రసీదులు. ఆ నున్నటి కాగితం మీద అచ్చు ఎండవేడికి వెలిసిపోయింది. చదవడానికి రాని రసీదు మీద కట్టిన పన్నును వెనక్కి అడగలేం. ఆ మూడు నెలల ఇన్‌పుట్ ట్యాక్స్‌లో, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నులో, కొంత అలాగే పోయింది.

అందుకే ఫోనుతో రసీదు ఫొటో తీసి, అప్పటికప్పుడే ఎంట్రీకి జతచేసే వీలుండాలి. చిన్న షాపుకు నేను చూసే సౌకర్యాల్లో దీనికే మొదటి మార్కు. అక్కడ వ్యాట్ రికార్డులు కనీసం 5 ఏళ్లు, కార్పొరేట్ ట్యాక్స్‌వి 7 ఏళ్లు దాచాలి. సంచిలో రసీదు అన్నేళ్లు ఉండదు.

మూడో పని: కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా?

ఇందులో నా అభిప్రాయం స్పష్టం. మనిషి అక్కడ, లెక్కలు చూసేవాడు ఇక్కడ అయితే క్లౌడే, అంటే లెక్కలు ఇంటర్నెట్‌లో ఉండి ఎక్కడినుంచైనా తెరవగలిగే పద్ధతే మంచిది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నేను లెక్కలు రాసే ఒక ఫ్యాక్టరీలో కంప్యూటరు తడిసిపోయింది, బ్యాకప్ పెన్‌డ్రైవ్ కూడా అదే టేబులు సొరుగులో ఉంది. ఎవరి బాకీ ఎంతో బిల్లు బుక్కులు పట్టుకుని రెండు నెలలు మళ్లీ రాసుకున్నాం. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు టెన్షనే.

డెస్క్‌టాప్ ప్యాకేజీ తీసుకోకూడదని కాదు. టాలీ మీద చేయి తిరిగిన అకౌంటెంట్లు గల్ఫ్‌లో సులువుగా దొరుకుతారు, అది పెద్ద వరం. అందులో యూఏఈ వ్యాట్ ఏర్పాటు కూడా ఉంది. తీసుకుంటే, బ్యాకప్ రోజూ వేరేచోటికి వెళ్లేలా చూసుకోండి. క్లౌడ్‌లో జోహో బుక్స్, క్విక్‌బుక్స్, జీరో (Xero) లాంటివి ఎక్కువగా వినిపిస్తాయి. ఏది మంచిదని అడిగితే నేను పేరు చెప్పను. తర్వాతి పరీక్షలో ఏది నిలిస్తే అదే.

నాలుగో పని: మీ సొంత బిల్లులు పదింటితో పరీక్ష పెట్టండి

చాలా ప్యాకేజీలు కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడనిస్తాయి. అందులో వాళ్లిచ్చే నమూనా కంపెనీ చూసి మోసపోవద్దు. అందులో లెక్కలు ఎప్పుడూ చక్కగానే ఉంటాయి. మీ షాపులో జరిగిన, కాస్త చిక్కున్న బిల్లులు పది ఏరి, వాటినే ఎంట్రీ వేయండి. కంపెనీని సృష్టించేటప్పుడు దేశం సరిగ్గా ఎంచుకోండి. చాలావాటిలో తర్వాత మార్చడం కుదరదు. ఆర్థిక సంవత్సరం కూడా అంతే. మనకు ఏప్రిల్ నుంచి మార్చి అలవాటు. తమ్ముడి కంపెనీకి జనవరి నుంచి డిసెంబరు.

పదింటిలో ఒకటి తప్పకుండా అడ్వాన్సు తీసుకున్న పని అయ్యుండాలి. మేము చూసిన ప్యాకేజీల్లో ఎక్కువ భాగం బోల్తాపడింది ఇక్కడే. లెక్క చూడండి. గేటు ధర 8,000 దిర్హాంలు, వ్యాట్ 400, మొత్తం 8,400. కస్టమరు ముందుగా సగం, అంటే 4,200 ఇచ్చాడు. అక్కడ డబ్బు చేతికొచ్చిన రోజే ఆ మేరకు పన్ను లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆ 4,200లో 200 వ్యాట్. గేటు బిగించాక చివరి బిల్లులో ఈ అడ్వాన్సు తీసివేసి, మిగిలిన 4,200లోని 200 మాత్రమే రావాలి. రెండూ కలిపితే 400. అడ్వాన్సును బిల్లుకు ముడిపెట్టలేని ప్యాకేజీ ముందు 200 చూపి, చివర్లో మళ్లీ మొత్తం 400 వేస్తుంది. ఒక్క గేటు మీద 600 కట్టినట్టవుతుంది. నెలకు పదిహేను గేట్లు చేసే షాపుకు ఈ తేడా 3,000 దిర్హాంలు. ఈ ఒక్క బిల్లు వేసి, ఆ తర్వాత వ్యాట్ రిపోర్టు తెరిచి చూడండి. 400 కనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

ఇంకొకటి, ఇంటికి పంపిన డబ్బు. మనవాళ్ల లెక్కల్లో దీనికన్నా పెద్ద గందరగోళం నేను చూడలేదు. అమ్మ మందులకని, ఊళ్లో ఇంటి స్లాబుకని షాపు ఖాతాలోంచి 2,000 దిర్హాంలు పంపితే అది వ్యాపార ఖర్చు కాదు. యజమాని తన సొమ్ము తీసుకున్నట్టు, డ్రాయింగ్స్ కింద రావాలి. అలాగే షాపు పెట్టేటప్పుడు ఇక్కడ పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బు ఆదాయం కాదు. పెట్టుబడి గానీ అప్పు గానీ అవుతుంది. ఏది అన్నది మొదటిరోజే రాసిపెట్టుకోవాలి. షాపు లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకా జాగ్రత్త. కంపెనీ డబ్బు, మీ డబ్బు చట్టం దృష్టిలో రెండు వేర్వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఖాతాలు సులువుగా తెరవగలిగారా, మీ మరదలో భార్యో ఎవరినీ అడగకుండా సరైన ఖాతాలో వేయగలుగుతున్నారా అన్నది చూడండి. మేము ఆ ఖాతాకు 'ఇంటికి పంపింది' అని పేరు పెట్టాం. డ్రాయింగ్స్ అన్నన్నాళ్లూ తప్పులొచ్చాయి. పేరు మార్చాక ఒక్కటీ రాలేదు.

మిగతావి చకచకా చూసేయొచ్చు. వెనక్కి వచ్చిన సరుకు, విడతలుగా కట్టిన కస్టమరు, మన దేశం నుంచి తెప్పించిన మెషిను, వ్యాట్ లేని చిన్న షాపు దగ్గర కొన్నది, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం. వేరే కరెన్సీలో బిల్లు ఇస్తే పన్ను దిర్హాంలలో పడుతుందో లేదో కూడా చూడండి.

ఐదో పని: డబ్బు కట్టేముందు బయటికి వచ్చే దారి చూసుకోండి

ఏ కంపెనీ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. క్విక్‌బుక్స్ లాంటి పెద్ద పేరే 2023లో మన దేశంలో సేవలు ఆపేసింది. అందుకే ట్రయల్‌లో ఉండగానే కస్టమర్ల జాబితా, లెడ్జర్లు, బిల్లులు ఎక్సెల్‌లోకి దింపి తెరిచి చూడండి. దింపాక తేదీలు, పన్ను మొత్తాలు విడివిడి గళ్లలో వస్తే బాగు. ఉత్త పీడీఎఫ్ ఇస్తానంటే అది మీ సమాచారం మీకిచ్చినట్టు కాదు.

ఖాతా యజమాని ఈమెయిల్ మీదే ఉండాలి. అకౌంటెంటు మెయిల్ మీద తెరిస్తే, ఆయన మానేసిన రోజున మీ లెక్కలు మీకు అందవు. నాకైనా తమ్ముడు వేరే యూజరుగానే అనుమతి ఇచ్చాడు. అన్నదమ్ములమైనా అదే పద్ధతి. ధర అడిగేటప్పుడు మొదటి ఏడాది తగ్గింపు అయ్యాక ఎంతవుతుందో అడగండి. ఎంతమంది యూజర్లకు, ఎన్ని బిల్లులకు, జీతాల లెక్కకు విడిగా కట్టాలా అని కూడా. యూఏఈ కూడా ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ పద్ధతిని దశలవారీగా తెస్తోంది. దానికి మీ ప్యాకేజీ సిద్ధమవుతోందా అన్నది రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

ఆరో పని: మారే తేదీ

వ్యాట్ కాలం మధ్యలో మారకండి. కొత్త కాలం మొదటి తేదీన మొదలుపెట్టండి. ముందురోజు సాయంత్రానికి బ్యాంకులో ఎంత ఉంది, చేతిలో ఎంత, ఎవరు మనకెంత ఇవ్వాలి, మనం ఎవరికెంత ఇవ్వాలి అన్నవి ఒక కాగితం మీద రాసి, అవే ప్రారంభ నిల్వలుగా ఎక్కించండి. మొదటి రిటర్న్‌ను అక్కడి చట్టం తెలిసిన అకౌంటెంటుతో ఒకసారి సరిచూపించుకోండి. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. పాత ఫైలును చెరిపేయొద్దు.

మేము మారింది ఒక జనవరి ఒకటిన. షార్జా మనకన్నా గంటన్నర వెనక. వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర, నాకు పదకొండు. మరదలు ఫోనులో గేటు అడ్వాన్సు ఎంట్రీ వేసి, రసీదు ఫొటో జతచేసి, "చూసీండి బావగారూ" అంది. నా స్క్రీన్ మీద వ్యాట్ 200 దగ్గర ఆగింది.