అసలు సముద్రపు స్పాంజి ఏదో పట్టుకోవడం ఎలా

మొన్న బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద "సముద్రంలోదమ్మా, ఒరిజినల్" అంటే మా అక్క నమ్మేసి మూడొందలు పోసి కొనుక్కొచ్చింది, తీరా చూస్తే పసుపు రంగేసిన ఫోమ్ ముక్క. బీరపీచైతే మన ఇళ్ళల్లో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు గానీ దీని దగ్గరే అందరూ బోల్తా పడుతున్నారు. జువాలజీ చదివినందుకు నాకు తెలిసింది చెప్తా.

స్నానానికి వాడే అసలు స్పాంజీల్లో బాగా పేరున్నది స్పాంజియా అఫిసినాలిస్, మధ్యధరా సముద్రంలో పెరుగుతుంది, మన సూర్యలంక బీచ్‌కి పోయి వెతికితే దొరకదు. ఇది మొక్క కాదు, జంతువు. బతికున్నప్పుడు పైన నల్లగానో బూడిద రంగులోనో ఉంటుంది, వెలుతురు పడని గుహల్లో పెరిగితే తెల్లగా ఉంటుంది. షాపులో తేనె రంగులో కనపడేది దాని అస్థిపంజరం మాత్రమే, స్పాంజిన్ అనే ప్రోటీన్ పీచు. మిగతా స్పాంజీల్లో చాలావాటికి గాజుముళ్ళలాంటి సూదులుంటాయి, దీనికి ఒక్కటీ ఉండదు, అందుకే ఒళ్ళు గీసుకోదు.

ముందు రంధ్రాలు చూడండి. ఒంటినిండా సన్నటివి, వాటి మధ్య అక్కడక్కడా పెద్దవి ఉండాలి. సన్నవాటిలోంచి నీళ్ళు లోపలికి పోయి పెద్దవాటిలోంచి బయటికొచ్చేవి, కాబట్టి పెద్దదాంట్లోకి తొంగిచూస్తే లోపలికి గొట్టంలా పోవాలి. అన్నీ ఒకే సైజు బుడగల్లా ఉంటే ఫ్యాక్టరీ సరుకే. తర్వాత తడిపి చూడండి, ఎండినప్పుడు బిరుసుగా ఉన్నది నీళ్ళు తగలగానే మెత్తబడిపోవాలి. కొత్తదాన్ని బకెట్లో పిండితే అడుగున కాస్త ఇసుక దిగొచ్చు, మోసం అనుకోకండి, దాని లావు పీచుల్లోనే ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి.

ఇంకా డౌటుంటే ఒక్క పోగు తుంచి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చండి, వెంట్రుకలు కాలిన కమురు కంపు కొడితే అసలుదే ఎందుకంటే రెండూ ప్రోటీనే, కరిగి జిగురుగా ముద్దైతే ఫోమ్, కాగితం కాలిన వాసనొస్తే బీరపీచో, చెక్క గుజ్జుతో చేసే సెల్యులోజ్ స్పాంజో. కిటికీ తీసి పెట్టుకుని చేయండి, ఫోమ్ పొగ పీల్చొద్దు.

అసలుదే దొరికితే మాత్రం వేడి నీళ్ళల్లో మరిగించొద్దు, బ్లీచింగ్ అసలే వద్దు, ప్రోటీన్ కదా పాడైపోతుంది. వాడాక బాగా పిండి నీడలో గాలికి వేలాడదీయండి, బెజవాడ ఎండలో పడేస్తే పెళుసెక్కుతుంది.

అక్క కొన్న ముక్క ఇప్పుడు బావ స్కూటీ తుడవడానికి వాడుతున్నాడు.