తడి గుడ్డలు లెక్కపెట్టండి: పసిపాపతో ఇంట్లో మొదటి వారం

మా పాప మే నెలలో పుట్టింది. మూడో రోజు డిశ్చార్జ్ చేస్తే కొత్తగూడెంలో మా అత్తమ్మ వాళ్లింటికి వెళ్లాం. నేను వారం సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. మన దగ్గర బిడ్డ తండ్రి చుట్టంలా వచ్చి చూసి వెళ్లిపోవడమే ఎక్కువ. అలా వెళ్లిపోవద్దని కొత్తగా తండ్రైన ప్రతి ఒక్కరికీ చెబుతాను. పాలివ్వడం తల్లే చేయాలి, మిగతా పనుల్లో చాలావరకు మీరు చేయొచ్చు.

మొదటి పని, ఒక నోటుపుస్తకం కొనండి. నేను దానికి దారం కట్టి, పెన్నుతో సహా మంచం పక్కన మేకుకు తగిలించాను. ఫోన్లో రాసుకుంటే నాకొక్కడికే కనిపిస్తుంది. గోడకు ఉంటే అర్ధరాత్రి గుడ్డ మార్చిన అత్తమ్మ కూడా ఒక గీత గీస్తుంది. రోజుకో పేజీ. పాలు తాగిన టైము, తడిసిన గుడ్డలు, మోషన్, దాని రంగు, అంతే.

లెక్క ఎలా చూడాలంటే, పుట్టిన మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు తడి గుడ్డలు, కనీసం. ఐదో రోజు నుంచి ఆరుకు తగ్గకూడదు. మోషన్ మొదట తారులా నల్లగా ఉంటుంది, తర్వాత ఆకుపచ్చగా మారి, నాలుగైదు రోజులకు పసుపు రంగులోకి వస్తుంది. ఐదో రోజుకీ నల్లగానే ఉంటే పాలు సరిపోవడం లేదని అనుమానించాలి. డైపర్‌లో తడి అంత సులువుగా తెలియదు. ఆ వారం పాత కాటన్ లుంగీలు చింపి వాడండి.

ఈ పుస్తకం సంగతి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాలుగో రోజు పాప అస్సలు ఏడవలేదు. బుద్ధిగా పడుకుంటోందని అందరం సంతోషపడ్డాం. గాలి తగలకూడదని కిటికీలు మూశారు. ఆ ఎండల్లో టోపీ, సాక్సులు, పైన ఉన్ని దుప్పటి. సాయంత్రం పేజీ చూస్తే తడి గీతలు రెండే ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి పెడితే కాలుతోంది. అరికాలు మీద తట్టినా కళ్లు తెరిచి, మళ్లీ మూసేసింది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాం. 2.9 కిలోలతో పుట్టిన పిల్ల 2.6 తూగింది. మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కొంత తగ్గుతుంది కానీ, పదో వంతు దాటి తగ్గిందంటే పాలు అందడం లేదని డాక్టరమ్మ చెప్పారు. వేడి తోడై ఒళ్లు ఎండిపోయింది. రాత్రంతా అక్కడే ఉంచి, పాలు పిండించి ఉగ్గుగిన్నెతో పట్టించారు.

అక్కడి నర్సక్క మా ఆవిడ పక్కన కూర్చుని పాలు పట్టించడం నేర్పింది. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, తల్లికి నొప్పి. బిడ్డ ఆవలించినట్టు పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి వెళ్లేలా దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. మింగుతున్న చప్పుడు వినిపిస్తుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి, నిద్రపోతున్నా రెండు మూడు గంటలకోసారి లేపి మరీ. అరికాలు నిమిరితే, పై గుడ్డ తీసేస్తే లేస్తుంది. తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం నా పని. గుడ్డ మార్చడం కూడా నాదే. తల్లికి మధ్యలో రెండు గంటల నిద్ర దొరికింది.

ఇక పెద్దవాళ్ల అలవాట్లు. నలుగురు వచ్చి నాలుగు చెబుతారు, ప్రేమతోనే చెబుతారు. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, వస, ఏవీ వద్దు. ముర్రుపాలు చాలు, ఆ తర్వాత ఆరు నెలలదాకా తల్లిపాలే. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వద్దు. పసిపిల్ల రొమ్ములు పిండనివ్వొద్దు. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలోకి రానివ్వొద్దు. కాటుక కళ్లకు వద్దు, దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోమని అమ్మమ్మకు చెబితే ఒప్పుకుంది. ఆవాల దిండు కూడా పక్కన పెట్టాం. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి. వాదన పెట్టుకోకండి, "డాక్టరమ్మ వద్దన్నారు" అంటే చాలు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

బొడ్డు ఊడేదాకా లాల పోయక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడవండి. బొడ్డుకు పసుపు, పౌడరు ఏదీ రాయకుండా పొడిగా ఉంచండి. ఫ్యాను వేసుకోవచ్చు, గాలి నేరుగా తగలకపోతే చాలు.

రోజూ పొద్దున వెలుతురులో బిడ్డ నుదురు, ఛాతీ, కాళ్లు వేలితో నొక్కి చూడండి. రెండు మూడు రోజులకు ముఖం కాస్త పచ్చబడటం మామూలే, కానీ పచ్చదనం కాళ్లకు, అరిచేతులకు పాకితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఎండలో పెడితే తగ్గుతుందని ఆగకండి. చంకలో థర్మామీటర్ 100.4 చూపినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం మానేసినా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారినా రాత్రని చూడకుండా 108కి ఫోన్ చేయండి.

వచ్చినవాళ్లంతా బిడ్డనే చూస్తారు. బాలింతను మీరు చూడాలి. మా ఆవిడకు పథ్యం పేరుతో మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చారు, అది తప్పు. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి, కూర, పప్పు, పెరుగు అన్నీ పెట్టించండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, తలనొప్పితో కళ్లు మసకబారినా ఆలస్యం చేయొద్దు. ఆ రోజుల్లో ఊరికే ఏడుపొస్తుంది. "పిల్లనెత్తుకుని ఏడవకూడదు" అనకుండా పక్కన కూర్చోండి. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

ఏడో రోజు ఆశా అక్క ఇంటికొచ్చి సంచి తక్కెడలో పాపను తూచింది. 2.75. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: పాలు 10, తడి 7, మోషన్ 4, పసుపు.