పంచాయతీ ఫైబర్‌ను బడికీ గ్రంథాలయానికీ తెచ్చుకునే విధానం

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగువారున్న ఊళ్ల పంచాయతీ కార్యాలయాల్లో భారత్‌నెట్ పెట్టె గోడకు బిగించి ఉంటే, అది బడిపిల్లలకూ చదువరులకూ కూడా పనికి రావాలి. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా ఆమోదం పొంది 2015లో భారత్‌నెట్‌గా మారిన ఈ పథకం, ఫైబర్, అంటే కాంతితో సమాచారం మోసే సన్నటి గాజు తీగ, ద్వారా పంచాయతీకి 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) వేగంతో ఇంటర్నెట్ అందించాలన్న లక్ష్యంతో మొదలైంది. అక్కడి నుంచి ఊళ్లోకి తీసుకెళ్లాలంటే మాత్రం ఊరివాళ్లే పూనుకోవాలి.

ఫైబర్‌లో వచ్చే కాంతిని మామూలు నెట్ సంకేతంగా మార్చే ఆ పెట్టెను ఓఎన్‌టీ అంటారు. దాని మీది దీపాలను ముందుగా చూడండి. పవర్, పాన్ (PON) దీపాలు రెండూ ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతుంటే ఫైబర్ బాగున్నట్టే. లాస్ (LOS) అనే దీపం ఎర్రగా మిణుకుతుంటే, బ్లాక్ కేంద్రం వైపు నుంచి రావలసిన కాంతి మధ్యలో ఆగిపోయిందని అర్థం. రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగి ఉండవచ్చు, లేదా కార్యాలయంలోనే సన్నటి ఫైబర్ తీగను ఎవరైనా మరీ మడిచి మేకుకు కట్టి ఉండవచ్చు. మడత కనిపిస్తే నెమ్మదిగా వదులు చేయవచ్చు గానీ, తీగ కొసను ఊడదీసి కంటితో చూడకూడదు. అందులోని లేజర్ కాంతి కంటికి కనిపించదు, హాని మాత్రం చేస్తుంది. దీపాలేవీ వెలగకపోతే కరెంటు, బ్యాటరీ సంగతి చూసుకోవాలి.

లోపం లైన్‌లోనే ఉంటే, ఏ దీపం ఏ రంగులో ఎప్పటి నుంచి ఉందో రాసి, ఫొటో జతచేసి, పంచాయతీ కార్యనిర్వాహక అధికారి ద్వారా బీఎస్‌ఎన్‌ఎల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపించండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఆధారం మిగలదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ దరఖాస్తుకు సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

లైన్ బాగుంటే దూరం కొలవాలి. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకే నమ్మదగింది, బడి అంతకంటే దూరంగా ఉంటే ఫైబరే వేయించుకోవాలి. ఊరి స్థాయిలో జరిగే పల్లిసభలో చర్చించి, పంచాయతీ స్థాయిలో జరిగే గ్రామసభలో చేయించుకునే తీర్మానంలో, నెలవారీ బిల్లు ఎవరు కడతారో, బ్యాటరీ బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాయించండి. గ్రంథాలయం పేరు కూడా అందులో తప్పక ఉండాలి, ఎందుకంటే సాయంత్రం బడి మూశాక పిల్లలు కూర్చునే చోటు అదే.

కనెక్షన్ వచ్చాక, బడి పాఠాల కోసం ప్రభుత్వం నడిపే దీక్ష యాప్‌లో బోర్డుగా ఆంధ్రప్రదేశ్‌ను, మాధ్యమంగా తెలుగును ఎంచుకుంటే తెలుగు పాఠ్యపుస్తకాలు దొరుకుతాయి. సిలబస్ వేరైనా, తెలుగు చదవడం నిలుపుకోవడానికి అవి ఎంతో ఉపయోగపడతాయి. లైన్ బాగున్నప్పుడే వాటిని డౌన్‌లోడ్ చేసి ఉంచితే, నెట్ లేని రోజున కూడా తెరుచుకుంటాయి.