నీళ్ల లీకేజీ తగ్గించాలంటే ముందు ఒక్క కాలనీ లెక్క తేల్చండి

ఊళ్లో సరఫరా చేసే నీళ్లు ఎందుకు పోతున్నాయని మున్సిపాలిటీలో ఎవరిని అడిగినా పాత పైపులన్నీ మార్చాలి, నిధుల్లేవు అనే అంటారు. నిధులొచ్చినా అక్కడ మొదలుపెట్టకండి. ఎక్కడ పోతున్నాయో తేలకుండా రోడ్లు తవ్వితే బాగున్న పైపు తీసి కొత్తది వేస్తారు, పోయే నీళ్లు పోతూనే ఉంటాయి.

ఒక లెక్క చూడండి. 3 మిల్లీమీటర్ల చిల్లు, లైన్లో 2 కేజీల ప్రెజర్ ఉంటే గంటకు దాదాపు 300 లీటర్లు పోతాయి. 24 గంటలూ నీళ్లుండే లైనైతే రోజుకు 7 వేలు, అంటే మనిషికి 135 లీటర్ల ప్రమాణంతో యాభై మంది వాడుకునే నీళ్లు. మెయిన్ లైన్ పగిలి గంటకు 50 వేల లీటర్లు రోడ్డున పారితే ఫోన్లు మోగుతాయి, టీవీ వాళ్లొస్తారు, ఆరు గంటల్లో బాగుచేస్తారు, మొత్తం పోయేది 3 లక్షల లీటర్లు. ఆ చిన్న చిల్లు ఎవరి కంటా పడక ఆరు నెలలు కారితే 12 లక్షలు దాటుతుంది. రోజు విడిచి రోజు నీళ్లిచ్చే ఊళ్లలో ఇంత పోవు గానీ, సరఫరా ఆగాక అదే చిల్లులోంచి పక్కనున్న డ్రైనేజీ నీళ్లు లోపలికొస్తాయి, అది ఇంకా పెద్ద టెన్షన్.

కాబట్టి మూడు నాలుగు వందల కనెక్షన్లున్న ఒక కాలనీ తీసుకోండి. నీళ్లు ఒకే వైపు నుంచి వచ్చేలా మిగతా వాల్వులు మూసేయండి. నిజంగా మూసుకున్నాయా అన్నది తేలాలంటే ఆ ఒక్క వాల్వు కూడా కట్టేసి ఒక కుళాయి తిప్పి చూడండి. కాసేపటికి పూర్తిగా ఆగిపోవాలి. సన్నధార ఆగకుండా వస్తుంటే డ్రాయింగులో లేని పాత లింకు ఎక్కడో ఉందన్నమాట. ఇలాంటివి పాత లైన్‌మన్లకే తెలుస్తాయి, రిటైరైనా సరే, ఇంటికెళ్లి తీసుకురండి.

ఇప్పుడు ఆ వాల్వు దగ్గర మీటరు పెట్టండి, పైపు కోయకుండా పైన కట్టే అల్ట్రాసోనిక్ మీటరైనా చాలు. పుస్తకాల్లో అయితే రాత్రి 2 నుంచి 4 మధ్య జనం వాడరు కాబట్టి అప్పుడు వెళ్లేదంతా దాదాపు లీకేజీయే అని ఉంటుంది. మన దగ్గర ఇంటింటికీ సంపు ఉంది, అర్ధరాత్రి కూడా అది నిండుతూనే ఉంటుంది, ఆ అంకె నమ్మితే దెబ్బతింటారు. ముందు రోజే ఇంటింటికీ చెప్పి, సరఫరా ఉన్న టైములో అరగంట సంపు వాల్వులు కట్టించండి. అప్పుడు కూడా గంటకు 9 వేల లీటర్లు వెళ్తున్నాయనుకుందాం. ఒక్కో వీధి వాల్వు కడుతూ మీటరు చూస్తూ పోండి. ఒక వీధి కట్టగానే 9 వేలు 5 వేలకు పడిపోతే మీరు వెతకాల్సిన 4 వేలు ఆ వీధిలోనే ఉన్నాయి. ఎవరో ఒకాయన సంపు వాల్వు కట్టడం మర్చిపోయి ఉంటాడు, తవ్వేముందు అదీ చూసుకోండి.

ఇక చెవికి పని. సద్దుమణిగాక, లైన్లో నీళ్లున్నప్పుడు ఇనుప కడ్డీ ఒక కొస మీటరు మీదో వాల్వు తిప్పే కాడ (స్పిండిల్) మీదో ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుంటే లీకు దగ్గరపడేకొద్దీ ఆగకుండా సన్నగా బుసకొట్టినట్టు వినిపిస్తుంది. ప్లాస్టిక్ పైపుల్లో శబ్దం దూరం పోదు, అందుకని ప్రతి కనెక్షన్ దగ్గరా వినాలి. ఎక్కువసార్లు దొరికేది మెయిన్ పైపులో కాదు, మెయిన్‌కు ఇంటి కనెక్షన్ తగిలించే ఫెర్రూల్ దగ్గర, లేదా అక్కణ్నుంచి ఇంటికెళ్లే తుప్పుపట్టిన జీఐ పైపులో. ఎండాకాలంలో కూడా పక్క కాలువలో తేట నీళ్లు పారుతుంటే నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూపే క్లోరోస్కోప్‌లో పట్టి చుక్క మందు వేయండి, పసుపు తిరిగితే అవి మన నీళ్లే. తిరగకపోతే మనవి కావని మాత్రం అనుకోవద్దు, మట్టిలో క్లోరిన్ పోతుంది.

విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో పల్లపు వీధులకు ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టండి. ప్రెజర్ పదో వంతు తగ్గితే లీకేజీ కూడా సుమారు అంతే తగ్గుతుంది. చివరి ఇంటికి బొటాబొటిగా అందే చోట దీని జోలికి పోవద్దు.

లీకులన్నీ కట్టినా పంపిన నీళ్లకూ బిల్లయిన నీళ్లకూ లెక్క కుదరకపోతే మిగిలింది మీటరు లేని కనెక్షన్లు, ఆగిపోయిన మీటర్లు, దొంగ కనెక్షన్లు. ఇది ఇంజినీరింగ్ కంటే మొహమాటం సమస్య. కంబోడియా రాజధాని నోమ్ పెన్‌లో 1993లో 72 శాతం నీటికి లెక్క లేదు, 2010 నాటికి అది 6 శాతం దగ్గరికొచ్చింది. పైపులూ మార్చారు గానీ, పలుకుబడి ఉన్న పెద్దవాళ్లతో సహా అందరికీ మీటర్లు పెట్టి, దొంగ కనెక్షన్ చూపించినవాళ్లకు బహుమతులిచ్చారు. ఈ లెక్కలేని నీళ్లు ఇంతకు మించకూడదని మన దేశం పెట్టుకున్న గీత 20 శాతం.

రిపేరు చేశాక మళ్లీ అదే పద్ధతిలో అరగంట కొలవండి. ఒక లీకు కట్టగానే ప్రెజర్ పెరిగి బలహీనంగా ఉన్న ఇంకో జాయింటు తెరుచుకోవడం మామూలే. అంకె కిందికి దిగి అక్కడే నిలబడ్డాకే పక్క కాలనీకి వెళ్లండి, ఏ పైపు, ఏ జాయింటు, ఎంత లోతులో దొరికిందో రిజిస్టరులో రాసిపెట్టండి, రేపు నిధులొస్తే ముందు ఏ వీధి తవ్వాలో అది చూసి చెప్పొచ్చు.